ఎడమ హ్యాండిల్ టేపు

మా అన్న సైకిల్ హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది. బోధన్ దగ్గర మా ఊళ్ళో అలాంటి సైకిల్ ఇంకెవరికీ లేదు. పెళ్ళికి ముందెప్పుడో నిజామాబాద్‌లో పాత సామాను దుకాణంలో చూసి, మనసుపడి కొనుక్కొచ్చాడు. ఊరంతా మోటారు సైకిళ్ళు ఎక్కినా అన్న మాత్రం దాని మీదే పొలానికి, దాని మీదే బోధన్ అంగడికి. ఆ కొమ్ములకు గుడ్డ టేపు చుట్టి ఉండేది, లోపలి వైపు జిగురుండే రకం. చెమటకు నల్లబడి, అరిగి, పోగులు లేచినా మార్చేవాడు కాదు.

"ఇనుము కనవడ్డంక మారుస్త. గప్పటిదాంక దానికేమైతది?" అనేవాడు.

నాది కుట్టుపని. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో చిన్న దుకాణం. పోగులు లేచిన గుడ్డ కనిపిస్తే నా చేతులు ఊరుకోవు. "చీర అంచు గిట్ల లేస్తే వదినె కట్టుకుంటదా?" అని ఎత్తిపొడిస్తే నవ్వి ఊరుకునేవాడు. ఇనుము బయటపడిన రోజు మాత్రం వాకిట్లో కూర్చుని ఒక పూటంతా దాని మీదే పెట్టేవాడు. అప్పుడు ఎవరు పిలిచినా పలకడు.

మూడేళ్ళ కింద, యాసంగి పంటకు నీళ్ళు నిండుగా వదిలిన రోజుల్లో, ఒక పొద్దున అన్న మా ఊరి కాలువలో పడి చనిపోయాడు. వదిన అప్పుడు వేల్పూరులో పుట్టింటివాళ్ళ పసుపు పంట పనికి వెళ్ళి ఉంది. ఆ పొద్దున్నే బస్సులో తిరిగొచ్చి, కాలువ వంతెన దగ్గర దిగి, కట్ట మీద పడి ఉన్న సైకిల్‌ను అందరికంటే ముందు చూసింది ఆమే. ఆమె కేకలకే జనం పరుగెత్తారు. నేను నిజామాబాద్ నుంచి చేరేసరికి అందరి నోటా ఒకటే మాట. ఎడమ హ్యాండిల్ టేపు ఊడింది, చెయ్యి జారింది, మనిషి కాలువలో పడ్డాడు. నేనూ చూశాను. టేపు కొస జానెడు పొడుగున వేలాడుతూ ఉంది.

ఇంకో మాట కూడా ఉండేది. అది మా ఇంటి బయటే తిరిగేది. అన్న ఆ కాలువలో ఈత నేర్చినవాడు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి, చెరుకు తీసేసి వరి పెట్టినప్పటి నుంచీ మాటలు తగ్గిపోయాయి. ఆ ఏడాదైతే అన్నం కలిపి ముద్ద చేతిలోనే పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చునేవాడు. ఇవన్నీ ఊరికి తెలుసు. హోటల్ దగ్గర నేను కనిపిస్తే మాటలు ఆగిపోయేవి. కానీ ఎవరూ మా ముఖం మీద అనలేకపోయారు, ఎందుకంటే టేపు ఊడి ఉండడం అందరూ కళ్ళారా చూశారు. మా పరువు, అన్నను కన్న మా అవ్వ ప్రాణం, ఆ జానెడు గుడ్డ మీదే నిలబడ్డాయి.

సైకిల్‌ను వదిన పశువుల కొట్టంలో ఒక మూలకు పెట్టించింది. టేపును ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. అవ్వ రోజూ పొద్దున అక్కడికి పోయి, వేలాడే ఆ కొసను చూసి తిట్టిపోసేది. "నీ పాడుగాను, నా కొడుకును మింగితివి గదనే" అని. తిట్టడం అయిపోయాకే చాయ్ తాగేది.

నాకు ఆ కొట్టంలోకి పోవాలంటే భయం. పోకుండానూ ఉండలేను. ఊరికి వచ్చిన ప్రతిసారీ కుడి హ్యాండిల్ మీద చెయ్యి వేసేదాన్ని. అన్న అరచెయ్యి ఆని ఆని అక్కడ టేపు పల్లంగా ఉంటుంది, నా చెయ్యి అందులో ఓ మూలకు వస్తుంది. ఒకసారి అది వెచ్చగా తగిలింది. కప్పు సందులోంచి ఎండ పడిందని నాకు తెలుసు. అయినా చెయ్యి వెనక్కి లాక్కుని బయటికి వచ్చేశాను. ఇప్పటికీ బస్సు ఆ కాలువ వంతెన ఎక్కితే కళ్ళు మూసుకుంటాను. పక్కనున్నవాళ్ళు దేవుడికి దండం పెట్టుకుంటున్నాననుకుంటారు.

ఈ జూన్‌లో అన్న కూతురికి బోధన్ కాలేజీలో సీటు వచ్చింది. బస్సు వేళకు ఉండదు. "అత్తా, బాపు సైకిల్ మీద పోత" అంది. వదిన వద్దనలేదు, అదే నాకు ఆశ్చర్యం. పిల్ల ఎక్కే ముందు నేనే ఒకసారి తొక్కి చూద్దామని తీశాను. ఊరి చివరి దాకా పోలేదు, వేలాడే టేపు కొస నా గాజుల్లో చిక్కుకుని హ్యాండిల్ పక్కకు తిరిగింది. కిందపడకుండా ఎట్లా ఆపానో నాకే తెలియదు. భయం కాస్తా కోపమైంది. ఇంటికొచ్చి వదిన మీద ఎగిరాను.

"గీ టేపు ఇయ్యాల్నే తీస్త."

"సైకిల్ తీస్కపో, తొక్కు, ఏమన్న చెయ్యి. టేపు మాత్రం ముట్టకు" అంది వదిన.

"నీకు సచ్చిపోయిన మనిషి టేపు ఎక్కువనా, బతికున్న పిల్ల ఎక్కువనా? రేపు పోరి గాజుల్ల చిక్కి లారీ కింద పడితె?"

అనాల్సిన మాట కాదు. నా నోరు ఎప్పుడూ అంతే, ముందు అనేసి తర్వాత నాలిక్కరుచుకుంటుంది. వదిన కొట్టం గుమ్మం దాకా పోయి తిరిగొచ్చింది. చివరికి, "సరే తీయ్. నేను గూడ కూసుంట" అంది.

మధ్యాహ్నం కొట్టంలోనే కూర్చున్నాం. పిల్ల కొత్త టేపు తేవడానికి బోధన్ పోయింది, అవ్వ ఇంట్లో పడుకుంది. కుడి వైపుది తీశాను. అది పట్టుకుని కాసేపు ఏడ్చాను, దాచడానికేముంది. తర్వాత ఎడమది మొదలుపెట్టాను.

చెయ్యి పట్టే వంపు దగ్గర టేపు కదల్లేదు. జిగురు ఇనుముకు కరుచుకుపోయి ఉంటే కత్తెర మొనతో లేపాల్సి వచ్చింది. ఊడింది పైకొస ఒక్కటే, హ్యాండిల్ నడుమ దగ్గర, అన్న చెయ్యి ఎప్పుడూ పెట్టని చోట. ఆ కొస దగ్గర గుడ్డ అరిగి తెగలేదు. అరిగిన గుడ్డ పలచబడి పోగులు పోగులుగా విడిపోతుంది. ఇది దళసరిగానే ఉండి, అడ్డంగా సాగి చిరిగింది. ఎవరో గుంజితే చిరిగినట్టు.

వేలాడే కొస లోపలికి మడతపడి, జిగురుకు జిగురు అంటుకుని ఉంది. మడత విప్పాను. లోపల పసుప్పచ్చని వేళ్ళ గుర్తులు.

మా అన్న పసుపు ముట్టిందే లేదు. మా పొలంలో ఎన్నడూ పసుపు వెయ్యలేదు. నేను తలెత్తి వదిన వైపు చూశాను. ఆమె నా వైపు కాక తన చేతుల వైపు చూసుకుంటూ ఉంది.

"నా యేళ్ళ గుర్తులే" అంది. "బస్సు దిగంగనే సైకిల్ కనవడ్డది. కట్ట మీద చెప్పులు జోడుగ ఇడిసి ఉండె. కింద తూము కాడ ఆయన బోర్ల తేలుతుంటె అంగి కనవడ్డది. అయిపోయిందని నాకు ఎర్కయింది. చెప్పులు తీసి కాలువల పారేసిన. టేపు గుంజిన. గప్పుడు జనం ఉరికొచ్చేటట్టు ఒర్లిన."

కత్తెర కింద పెట్టేశాను.

"కాళ్ళు కడుగుదామని ఇడిసిండో, ఇంకెందుకు ఇడిసిండో నాకు తెల్వదు. ఆయనకే తెల్వాలె. జనానికి ఏదో ఒకటి కావాలె గద. ఏదీ లేకపోతె వాళ్ళే చెప్పుకుంటరు. రేపు బిడ్డ బడికి పోవాలె. అత్త బతకాలె."

మూడేళ్ళు. ఆ టేపును ఎవరూ ముట్టకుండా కాపలా కాస్తే అన్న మీద ప్రేమ అనుకున్నాను. ముందు కోపం వచ్చింది. సొంత చెల్లెలిని, నాకైనా చెప్పొద్దా అని. తర్వాత ఆమె ఒక్కతే ఆ కట్ట మీద, చేతిలో ఆ చెప్పులతో, కేక కూడా వెయ్యకుండా నిలబడిన ఆ కాసేపు నా కళ్ళ ముందుకొచ్చింది.

గుమ్మం దగ్గర చప్పుడైంది. అవ్వ కర్ర ఊతంగా వచ్చి నిలబడింది. కింద పడి ఉన్న టేపు ముక్కలను చూసింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు.

"బిడ్డా, నువ్వు గుడ్డ పనిదానివి, నీకు తెలుస్తది" అంది. "నిజం చెప్పు. గీ టేపుకేనా నా కొడుకు పాయె?"

వదిన తల దించుకుంది. ఊళ్ళో నాకు ముక్కుసూటి మనిషని పేరు. ఆ పేరు చూసుకుని నాకు కొంచెం పొగరు కూడా. పసుపు మడతను పిడికిట్లో మూసుకున్నాను.

"అవునవ్వా. చెయ్యి పట్టేకాన్నే పిగిలిపోయి ఉంది. టేపుకే."

అవ్వ నా ముఖంలోకి చూసింది. మూసిన నా పిడికిలి వైపూ చూసింది. తర్వాత మెల్లగా వచ్చి వదిన పక్కన కూర్చుని, ఆమె చేతిని తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.