సైరన్ కూయగానే వస్తానన్న మాట

నా చిన్నప్పుడు జరిగింది ఇది. దగ్గరికి జరిగి కూర్చుని వినండి.

అప్పుడు మేము గోదావరిఖనిలో, బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్ళం. ఎండాకాలం మధ్యాహ్నాలు గాలిలో సన్నటి నల్లదుమ్ము తేలుతూ, ఊరంతా పలచటి ముసుగు కప్పుకుని నిద్రపోతున్నట్టు ఉండేది. షిఫ్టు మారే సైరన్ కూస్తే గానీ కదిలేది కాదు. గడియారం ఉన్న ఇళ్ళు తక్కువ. పొయ్యి వెలిగించేదీ, నీళ్ళు పట్టేదీ ఆ కూతను బట్టే.

పక్కింటి అక్కంటే నాకు ప్రాణం. మేనమామ ఇంట్లో పెరిగిన పిల్ల. సంతోషం వచ్చిన రోజు రెండు మూరల మల్లెలు నా జడలోనే కుక్కి, తానే పాడి తానే ఆడేది. మరో నాలుగు రోజులు గోడవైపు తిరిగి పడుకుని అన్నం కూడా ముట్టేది కాదు. చుట్టుపక్కల వాళ్ళు గాలి సోకిందనేవారు.

ఒకరోజు ఆమె నాకు జడ వేస్తుండగా ఐస్‌ఫ్రూట్ బండి గంట వినబడింది. "ఇప్పుడే వస్త అక్కా!" అని సగం జడతోనే ఉరికాను. ఆటలో పడి పొద్దు వాలాక వచ్చాను. అక్క నా రిబ్బన్లు వాకిట్లో విసిరేసింది.

"నువ్వు గూడ గంతేనా? పో! ఇంకోసారి నా మొఖం చూడకు!"

తలుపేసుకుని లోపల వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడుస్తూ వెళ్ళి మా అవ్వ ఒళ్ళో పడ్డాను. ఇక ఆమె నాకు లేదనుకున్నాను.

"నీకేం పోయిందే, ఐస్‌ఫ్రూట్ తిన్నవ్ గద," అంటూ అవ్వ ముందు నా మూతి తుడిచింది. తర్వాత మెల్లగా చెప్పింది. అక్కకు ఐదేళ్ళప్పుడు వాళ్ళమ్మ ఆమెను రైల్వే స్టేషన్‌లో బెంచీ మీద కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని వెళ్ళిపోయిందట. మళ్ళీ రాలేదు. రెండు రోజులకు మేనమామ వెతికి తెచ్చుకున్నాడట.

"గా పోరి ఇంకా గా బెంచీ మీదనే కూసున్నదే. రేపు రెండో షిఫ్టు సైరన్ కూయంగనే వస్తనని కిటికీల నుంచి చెప్పు. చెప్పినట్ల పో. తిడితే మారు మాట్లాడకు, కొట్టనొస్తే ఇంటికొచ్చెయ్. ఎల్లుండి మళ్ళ గదే సైరన్‌కు పో."

ఆ రాత్రే కిటికీలోంచి చెప్పి వచ్చాను. మొదటి రోజు తలుపు తెరవలేదు. రెండో రోజు లోపలినుంచి ఏదో గిన్నె వచ్చి తలుపుకు కొట్టుకుంది, భయపడి వచ్చేశాను. మూడో రోజు సైరన్ కూస్తుండగానే పోయి మెట్టు మీద కూర్చున్నాను. కూత దూరంగా గుట్టల మీదికి పోయి కరిగిపోయింది. తలుపు బెత్తెడు తెరుచుకుంది. అక్క కళ్ళు వాచి ఉన్నాయి. నవ్వలేదు.

"రేపు గూడ గిదే సైరన్‌కా?" అని అడిగింది.

అంతటితో బాగైపోలేదు లెండి. తర్వాత అవ్వే ఆమెను దవాఖానకు తీసుకుపోయింది. ఏళ్ళ తరబడి మందులు మింగింది, పడింది, లేచింది. గాలి కాదు, మనసుకొచ్చే జబ్బు అని, చిన్ననాటి దెబ్బ దాన్ని ఇంకా రాజేస్తోందని డాక్టరమ్మ చెప్పిందట.

ఇప్పటికీ ఎవరైనా ఊరికే నా మీద విరుచుకుపడితే, తిరిగి అనేముందు కాస్త ఆగుతాను. ఈ పెద్దమనిషి లోపల ఏ పసిపిల్ల ఎవరి కోసం ఎదురుచూస్తోందో అనుకుంటాను.

విన్న మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ గడప దాటి వెళ్ళినవాళ్ళు చెప్పిన వేళకు తిరిగి రావాలి.