పై మీటరు, కింది మీటరు

మా అత్తమ్మకు కరెంటు బిల్లు కట్టడమంటే మొక్కు తీర్చుకోవడమే. మీటరు చూసే మనిషి వచ్చి చేతి మిషన్‌లోంచి చీటీ చింపి ఇస్తే, మర్నాడు పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని, చీటీని కొంగున ముడేసుకుని, సిద్దిపేట కరెంటు ఆఫీసు కౌంటరు దగ్గర మొదటి నలుగురిలో నిలబడేది. గడువు ఇంకా బోలెడుందని ఎవరు చెప్పినా వినేది కాదు. "గడువు పైసలు లేనోళ్లకు. మనకెందుకు?" అనేది.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో బిల్లు కట్టలేదని మా ఇంట్లో కరెంటు కోసిన రోజు ఒక్కటి లేదు. మామయ్య బతికుండగానూ లేదట. వీధిలో ఎవరింట్లో కరెంటు కట్ చేసినా అత్తమ్మ మా గడపలో నిలబడి, "మా ఇంట్ల ఎన్నడన్న ఆగిందా?" అని అందరికీ వినపడేట్టు అడిగేది. ఆమెకు జవాబు అక్కర్లేదు.

కిందటి ఎండాకాలం ఆమె మోకాళ్లు మొరాయించాయి. బిల్లు పని నా చేతికి వచ్చింది. ఎప్పుడొస్తుందా అని నేనూ చూస్తున్నాను, దాచుకోవడమెందుకు? నేను మోటారు మిషన్ మీద జాకెట్లు కుట్టే మనిషిని. వరుసలో నిలబడడం నాకు చేతకాదు. ముందున్నవాడు చిల్లర కోసం జేబులన్నీ తడుముకుంటుంటే నా ఒళ్లు మండుతుంది. మా పుట్టింటి వైపు పల్లెలో బిల్లు వసూలు చేసే మనిషి నెలకో రోజు పంచాయతీ అరుగు మీద కూర్చునేవాడు. ఊరంతా అక్కడికే పోయేది, పనికి పని, ముచ్చట్లకు ముచ్చట్లు. ఇక్కడ నోట్లు మింగే మిషన్ ఒకటి ఉంది గానీ, మడత పడ్డ నోటు పెడితే నాలుక చాపినట్టు వెనక్కి తోస్తుంది. మీసేవకు పోతే అక్కడా వరుసే. ఇవన్నీ ఎందుకు, ఫోనులో కడతానన్నాను.

అత్తమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"ఫోన్ల కడ్తే ముద్ర ఎవలేస్తరు?"

"ముద్ర లేదు, గిద్ర లేదు. పచ్చ టిక్కు పడ్తది అత్తమ్మా."

"టిక్కును నేనేం జేసుకోవాలె?" అంది. అయినా ఆఖరి చీటీ నా చేతిలో పెట్టి, "ఇంటి పరువు, పైలం" అని కూడా అంది.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మామయ్య కట్టిన ఇంటిని మూడేళ్ల కింద అన్నదమ్ములిద్దరూ నడుమ గోడ పెట్టి పంచుకున్నారు. గోడ జానెడు అటు జరగాలా, ఇటు జరగాలా అన్న దగ్గర మాటా మాటా పెరిగింది. నేనూ నాలుగు అన్నాను, నా నోరు నాకు తెలుసు. మరిది, ఆయన భార్య అంటే నా యారాలు, గోడకు అవతల. మేమూ అత్తమ్మా ఇవతల. అప్పటినుంచి మాటల్లేవు. పిలవలేదని అత్తమ్మ, రాలేదని వాళ్లు. మూడేళ్లుగా ఆమె చిన్నకొడుకు గడప తొక్కలేదు.

ఇల్లు రెండయినా మీటర్లు మాత్రం వీధి గోడకు ఒకే చెక్క మీద, ఒకదాని కింద ఒకటి ఉండిపోయాయి. అవతలి సగం కిరాయికి ఇచ్చిన రోజుల్లో రెండోది కూడా మామయ్యే పెట్టించాడు. పైది మాది, కిందిది వాళ్లది, రెండూ మామయ్య పేరు మీదే. పేరు మార్పించాలంటే అన్నదమ్ములు కలిసి కూర్చోవాలి, ఆ ముచ్చట ఎవరెత్తుతారు? తక్కువ వాడేవాళ్లకు వచ్చే జీరో బిల్లు కూడా ఈ పేచీలోనే మా రెండిళ్లకూ రాకుండా పోయింది.

ఫోనులో నంబరు ఎక్కించిన రోజు మీటరు డబ్బాలో రెండు చీటీలు చెక్కి ఉన్నాయి. అత్తమ్మ ఇచ్చిన చీటీ కోసం లోపలికి పోవడానికి బద్ధకించి, వాటిలో ఒకటి లాగాను. నంబరు కొట్టగానే తెర మీద మామయ్య పేరు పడింది. పోయిన మనిషి పేరు అలా వెలిగేసరికి నాకు ఒళ్లు ఝల్లుమంది.

"పై మీటరుదేనా, సూసుకున్నవా పిల్లా?" అని గడప మీదినుంచి అత్తమ్మ అడిగింది.

"మామయ్య పేరే పడ్డది. ఇంకేం గావాలె నీకు?" అని కసిరాను.

బిల్లు ఎప్పటికంటే బాగా తక్కువ వచ్చింది. అది కూడా నా గొప్పే అనుకున్నాను. పగలు లైటు వేయనివ్వడం లేదు, ఇస్త్రీ పెట్టె వాడకం తగ్గించాను, తగ్గదా మరి! రెండో నెలా అంతే, మూడో నెలా అంతే. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లకు పొదుపు పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. మొగుణ్ని, కరెంటును అదుపులో పెట్టుకోవాలని ఒకావిడకు అరగంట బోధించాను. ఇక చీటీలతో నాకు పనేముంది? డబ్బాలో చెక్కి ఉన్న మా చీటీ వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

తర్వాత ఒక పొద్దున పదకొండింటికి లైన్‌మన్ బండి మా ముందు ఆగింది. చేతిలో కటింగ్ ప్లేరు, జేబులో మడిచిన లిస్టు.

"ఏమనుకోకక్కా. మూడు నెలల సంది మీ బిల్లు కట్టలే. కట్ చెయ్యాలె."

నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది.

"ఎవలు కట్టలే? ఇగో సూడు తమ్మీ, మూడు టిక్కులు! మంచిగ సూడు!"

అతను నా ఫోను తీసుకుని, లిస్టు పక్కన పెట్టి, అంకెలు ఒక్కొక్కటి వేలితో తడుముకుంటూ చదివాడు. మీటర్ల దాకా పోయి వచ్చాడు.

"గిది కింది మీటరుదక్కా. మీరు పక్కింటోళ్ల బిల్లు కట్టిన్రు."

ఫోను లాక్కుని నేనే మీటర్ల దగ్గరికి ఉరికాను. కింది మీటరు అంకెలే, సందేహం లేదు.

గడప మీద కూర్చున్న అత్తమ్మ అంతా విన్నది. తిడితే బాగుండేది, తిట్టలేదు. "సొమ్మొకలది, సోకొకలది" అని గొణిగి, మీటర్ల వైపు చూస్తూ కూర్చుంది. సిగ్గుతో చచ్చిపోయాను. కరెంటు కోస్తే కోశారు, డబ్బు కట్టాక మళ్లీ కలుపుతారు, నా బాధ అది కాదు. మా ఇంట్లో ఎన్నడైనా ఆగిందా అని ఆమె ఇక అనలేదు. ముసలి కాళ్లతో ఇన్నేళ్లు నడిచి నిలబెట్టుకున్న మాట నా పొగరు మూలంగా పోతోంది.

"తమ్మీ, జర ఆగు. ఇప్పుడే కడ్త" అన్నాను.

"ఈ వీధిల ఇంక రెండిండ్లున్నయి. గవి సూసుకొని అర్ధగంటల వస్త. అప్పటికి కట్టినట్టు కనబడ్తే మీ పేరు కొట్టేస్త" అన్నాడు.

డబ్బు లేక కాదు. జాకెట్ల పైసలు బియ్యం డబ్బాలో నోట్లుగా ఉన్నాయి. ఫోనుకేమో పైసలు బ్యాంకులో ఉండాలి. నిన్ననే గ్యాస్ బండకు కట్టగా బ్యాంకులో మిగిలింది మూడు నెలల బిల్లుకు ఏ మూలకూ చాలదు. మా ఆయన వరికోత మిషన్ నడుపుతూ అక్కన్నపేట పొలాల్లో ఉన్నాడు. నాలుగుసార్లు ఫోను చేశాను. ఆ మిషన్ రొదలో ఆయనకు నేను పక్కనుండి అరిచినా వినపడదు, ఫోనెంత? కౌంటరుకు పోయి వరుసలో నిలబడి తిరిగి రావడానికి అర్ధగంట చాలదు. నోట్లు గుప్పిట్లో పట్టుకుని వాకిట్లో నిలబడ్డాను.

అప్పుడు గోడ వైపు చూశాను. ఆ ఇంటి బిల్లు మూడు నెలలు నేను కట్టాను. వాళ్లకు తెలియదా? తెలిసీ నోరు మూసుకున్నారా? మంచితనంతో పోయానని చెప్పను. కోపమే నన్ను ఆ గడప దాకా నడిపించింది.

యారాలు చేటలో బీడీ ఆకులు పెట్టుకుని కత్తిరిస్తోంది.

"మూడు నెలల సంది మీ కరెంటు బిల్లు ఎవలు కట్టిన్రో ఎరికేనా?" అన్నాను. మూడేళ్ల తర్వాత ఆమెతో నేనన్న మొదటి మాట అది.

ఆమె కత్తెర ఆపింది. "మీ మరిది కట్టిండు. నేను కౌంటరు కాడికి పోతే, ముందుగాలనే కట్టిన్రని చెప్పిన్రు."

లోపలినుంచి మరిది తువ్వాలతో మొహం తుడుచుకుంటూ వచ్చి, పెళ్లాం వైపు తిరిగాడు. "నేనెక్కడ కట్టిన? నువ్వే కడ్తున్నవనుకున్న. అడగకుంటనే కడ్తున్నవని మనసుల మెచ్చుకున్న గూడ."

"మనసుల మెచ్చుకుంటివా? బయటికంటె నోరు అరుగుతదా?" అంది యారాలు.

నాకు నవ్వాగలేదు. వచ్చిన కోపం ఎటు పోయిందో తెలియదు. లైన్‌మన్ సంగతి, చాలని బ్యాంకు సంగతి, నా తెలివితక్కువ సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. యారాలు చేట పక్కకు పెట్టి, లోపలికి పోయి తన ఫోను తెచ్చింది.

"పైసలైతే దీన్ల ఉన్నయి. ఫోన్ల కరెంటు బిల్లు కట్టుడు నాకు రాదక్కా, నువ్వే కొట్టు" అంది. అక్కా అన్నది. ఆ మాట విని నా కళ్లు తడిసిన మాట నిజం.

ఈసారి ఒక్క అంకెను కూడా ఊరికే నమ్మలేదు. మరిదిని మీటర్ల దగ్గర నిలబెట్టాను. అతను మా చీటీ తీసి అంకెలు అరుస్తుంటే నేను కొడుతున్నాను.

"పైదేనారా?" అంది గడప మీదినుంచి అత్తమ్మ.

"పైదేనే అవ్వా!" అన్నాడు మరిది.

"మల్లొక్కసారి సూడు!"

మళ్లీ చూశాడు. చదువు రాని మా అత్తమ్మే ఆ రోజు మా అందరి మీద తనిఖీ అధికారి. అంకెలయ్యాక పిన్ను కొట్టాల్సి వచ్చింది. యారాలు చటుక్కున ఫోను లాక్కుని, కొంగు అడ్డం పెట్టుకుని, నాకు వీపు తిప్పి కొట్టింది. నాకు ముచ్చటేసింది, నేనైనా అదే చేస్తాను. తెర మీద చక్రం తిరుగుతోంది, తిరుగుతోంది, వీధి మలుపులో లైన్‌మన్ బండి చప్పుడు కూడా వినపడింది. ముగ్గురం ఫోను మీదికి వంగాం. టిక్కు పడింది.

లైన్‌మన్ అంకె అంకె సరిచూసుకుని, లిస్టులో మా పేరు మీద పెన్నుతో గీత కొట్టాడు. ప్లేరు బండి డబ్బాలో వేసేశాడు. నేను గట్టిగా కేకేశాను. ఏమని వేశానో గుర్తులేదు. జాకెట్టు కోసం వస్తున్న ఒకావిడ నాకు తేలు కుట్టిందనుకుని ఉరికొచ్చింది. తేలూ లేదు, గీలూ లేదు, నేను గెలిచాను. చేతిలో నోట్లుండీ అక్కరకు రాని చోట, మూడేళ్లు మూసి ఉన్న తలుపు కొట్టి మరీ గెలిచాను. వాళ్ల బిల్లు పోగా మా బిల్లు ఎంత ఎక్కువో అంతా యారాలి చేతిలో పెడితే, లెక్కపెట్టకుండా బొడ్లో దోపుకుంది.

అప్పుడు అత్తమ్మ దగ్గరికి పోయాను.

"తప్పు నాదే అత్తమ్మా. నువ్వు అడుగుతనే ఉన్నవు, నేనే కసిరిన."

ఇది అనడం నాకు బిల్లు కట్టడం కన్నా కష్టం. ఆమె నా మాట పట్టించుకోనే లేదు.

"కరెంటు ఆగిందా?"

"ఆగలే."

"వాళ్లది?"

"వాళ్లదీ ఆగలే."

ఆమె నా భుజం పట్టుకుని లేచింది. లోపలికి పోయి పడుకుంటుందేమో అనుకున్నాను. మెట్లు దిగింది. గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేసుకుంటూ, ఎవరూ పిలవకుండానే చిన్నకొడుకు గడప దాటింది. మరిది కుర్చీ తెచ్చేలోపే నడింట్లో ఫ్యాను కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని, కొంగుతో మెడ తుడుచుకుంది.

"ఫ్యాను ఎయ్యి బిడ్డా" అంది యారాలితో. "మూడు నెలల పైసలు మేమే కట్టినం. జర మాకు సుత గాలి రానీ."