బీచ్ బండి మీద నా తీర్పు

మొదటి లాక్‌డౌన్‌లో నాన్న పనిచేసే సాంచాల కార్ఖానా, అంటే మరమగ్గాల ఫ్యాక్టరీ, మూతపడింది. మళ్లీ మగ్గాలు నడిచినప్పుడు సగం మందినే పిలిచారు. ఆ సగంలో నాన్న లేడు. ఆ చలికాలం ఆయన దాచుకున్నదంతా పెట్టి ఒక పాత క్వాడ్ బైక్ కొన్నాడు. నాలుగు లావు చక్రాలు, మోటార్‌సైకిల్ హ్యాండిల్. పని కోసం మేం వలస వచ్చిన నగరం అంచున, డుమస్ సముద్రం ఒడ్డున జనాన్ని ఎక్కించుకుని ఇసుకలో ఒక చుట్టు తిప్పే బండి. పెళ్లికి ముందు నుంచీ ఒకరి కింద పనిచేసిన మనిషికి అది మొదటి సొంత పని. శనివారం దాన్ని ఆయన గుడ్డతో తుడుస్తుంటే అమ్మ, "నన్నెన్నడన్న గిట్ల జూస్కున్నడా?" అనేది.

రెండో వేవ్‌లో బీచ్ మూసేశారు. బండిని టెంపోలో మేముండే కోసాడ్‌కు తెచ్చి మా బిల్డింగ్ కింద నిలబెట్టాం. ఎండలో, తర్వాత వానలో, నెలల తరబడి అక్కడే ఉంది. బీచ్ తెరిచారని తెలిసి స్టార్ట్ చేస్తే ఇంజన్ అందుకుంటోంది, యాక్సిలరేటర్ ఇవ్వగానే ఆగిపోతోంది.

బాగు చేయించాలా, అమ్మేసి ఇంకొకటి చూడాలా? నాన్న ఆ ప్రశ్న నాకు వదిలేశాడు. నేను అప్పుడే మెకానికల్ డిప్లొమా పూర్తి చేశాను. చివరి ఏడాది ల్యాబ్‌లన్నీ ఫోన్‌లో వీడియోలు చూసి ముగించామన్న సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నోట్‌బుక్‌లో పేజీ మధ్యన గీత గీశాను. ఎడమవైపు రిపేరు, కుడివైపు కొత్త బండి. ప్లగ్ సరిగ్గానే ఉంది. పెట్రోల్ మార్చాను. కార్బురేటర్ విప్పి శుభ్రం చేశాను. మిగిలింది కంప్రెషన్, అంటే ఇంజన్ లోపల గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందన్నది. పక్కనే అమ్రోలిలో ఒక గ్యారేజీ నుంచి దాన్ని కొలిచే గేజ్ అడిగి తెచ్చి, మూడుసార్లు చూసి, సగటు రాశాను. చాలా తక్కువ వచ్చింది. ఇసుక పోయి పిస్టన్ రింగులు అరిగాయని, బాగు చేయించడం దండగని తేల్చాను.

నాన్న ఒప్పుకోలేదు. స్టార్ట్ చేసే తాడు లాగి చూశాడు. "ఇంజన్‌ల జోరుంది బిడ్డా. తాడు చెయ్యిని వాపస్ గుంజుతుంది. గీ రబ్బర్ పైపు కాడ చెయ్యి అడ్డం వెడ్తే సౌండ్ మారుతుంది, ఇను. గాలి గుంజుతుందేమో?"

కింది ఇంటాయన, నాన్నతో పాటు సాంచాలు నడిపిన మనిషి, మెట్ల మీద కూర్చుని నవ్వాడు. "ఏందిరా డాక్టర్‌సాబ్, పేషెంట్ బత్కుతడా, పోతడా?"

ఆయన నవ్వడం నాకు నచ్చలేదు. నాన్న మీద విరుచుకుపడ్డాను. "గిది సాంచా కాదు బాపు, చెయ్యి వెట్టి చెప్పనీకి. నీకు తెల్వని దాంట్ల ఎందుకు మాట్లాడ్తవ్?"

కింది ఇంటాయన నవ్వు ఆగిపోయింది. నాన్న గ్రీజు చేతిని ప్యాంటుకు తుడుచుకుని, "సరే, నువ్వు చదువుకున్నోనివి" అన్నాడు.

పాత బండ్లు కొనే ఒకాయన కిమ్ అనే ఊరి నుంచి టెంపో తీసుకుని వచ్చాడు. ఇంజన్ పోయిన బండి ధరకు బేరం కుదిరింది. ఎక్కించే ముందు ఆయన వంగి చూసి, కార్బురేటర్ వెనక, నాన్న చెయ్యి పెట్టి చూపిన రబ్బరు పైపు పగులు మీద సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టి, తీగతో బిగించాడు. తాడు ఒక్కసారి లాగాడు. బండి స్టార్ట్ అయింది. యాక్సిలరేటర్ ఇచ్చినా ఆగలేదు.

"కాకా, యే తో మస్త్ చల్ రహా హై" అన్నాడు, ఇది భలేగా నడుస్తోందే అని. ఇంకా పైసలు చేతులు మారలేదు. నాన్న నా వైపు తిరిగి మెల్లగా, "ఏమంటవ్ బిడ్డా? ఉంచుకుందమా?" అని అడిగాడు.

పాడైంది పైపేనని, ఇంజన్ కాదని నాకు స్పష్టంగా తెలుస్తోంది. కింది ఇంటాయన మెట్ల మీదే ఉన్నాడు. "రెండు దినాలు నడుస్తది, మల్ల ఆగుతది. ఇచ్చెయ్యి" అన్నాను.

నాన్న ఇచ్చేశాడు. బండి టెంపో ఎక్కడానికి పలక కూడా తనే పట్టుకున్నాడు.

మాకొచ్చిన డబ్బుకు నడిచే బండి ఏదీ రాలేదు. నా పేజీలో కుడివైపు రాసినదేదీ జరగలేదు. నాన్న వేరే కార్ఖానాలో, తనకంటే చిన్నవాళ్ల కింద, దారం చుట్టిన బరువైన బీములు మోసే పనికి కుదిరాడు.

కాలేజీ నోట్స్ తీసి చూశాను. కంప్రెషన్ చూసేటప్పుడు థ్రాటిల్, అంటే యాక్సిలరేటర్, పూర్తిగా తెరిచి ఉంచాలి, లేకపోతే తక్కువ చూపిస్తుంది. నా చేతిరాతే, కింద గీత కూడా గీసి ఉంది. నేను మూడుసార్లూ మూసే ఉంచాను. ఆ విషయం చెప్పడానికి దీపావళి దాటేదాకా ధైర్యం రాలేదు. చివరికి ఒక ఆదివారం ఆయన తింటుంటే చెప్పాను.

"బాపు, గా టెస్ట్ నేనే తప్పు జేసిన. ఇంజన్ మంచిగనే ఉండె."

"ఎర్కే" అన్నాడు నాన్న.

"ఎప్పట్నుంచి?"

"గా కిమ్ ఆయన స్టార్ట్ జేసిననాడే."

"మరెందుకిచ్చినవ్?"

"నిన్నడిగిన గదరా. నువ్వు ఇయ్యమంటివి."

గొంతులో కోపం లేదు. తిట్టి ఉంటే ఏదో ఒక జవాబు చెప్పేవాణ్ని. ఆయన చేయి కడుక్కుని వచ్చి, "లోపల ఫ్యాన్ మెల్లగ తిరుగుతుంది. జర జూడు" అన్నాడు.

"ఫ్యాన్ పని నాకు రాదు బాపు" అన్నాను. ఏదైనా నాకు రాదని ఆ ఇంట్లో అనడం అదే మొదటిసారి. నాన్న "పా, ఇద్దరం జూద్దం" అని స్టూలు తేవడానికి లోపలికి వెళ్లాడు.