లప్పం పెట్టిన గొట్టం

వడ్రంగి తలుపు బిగించాడంటే చీమ కూడా దారి వెతుక్కోవాల్సిందే. ముప్పై ఏళ్లుగా అతని పొగరంతా అదే. కిటికీ పెట్టాక వెలిగించిన అగ్గిపుల్లను రెక్కల పక్కన పట్టుకుని, మంట వణక్కపోతేనే చేతులు దులుపుకునేవాడు.

ఆ చలికాలం భార్యకు దగ్గు పట్టుకుని వదల్లేదు. ఒక ఆదివారం పడగ్గది కిటికీ అంచులన్నీ చిత్రిక పట్టి రబ్బరు పట్టీ అతికించాడు. పైనున్న గాలి రంధ్రానికి చెక్క కొట్టేశాడు. ఇక మిగిలింది గ్యాస్ హీటరు. దాని పొగను గోడ బయటికి పంపే గొట్టం అతుకు దగ్గర వదులైంది.

"మరిదిని పిలవండి. అతని పనే కదా," అంది భార్య.

మరిది అంటే ఆమె చెల్లెలి భర్త. హీటర్లు బాగుచేస్తాడు. సొంత ఇల్లు కట్టుకుంటూ తలుపులు మాత్రం బయటివాడితో చేయించుకున్నాడు. అప్పట్నుంచి అతని పేరెత్తితే వడ్రంగికి ఒళ్లు మంట.

"వాడు నా గుమ్మం తొక్కాలా? ముప్పై ఏళ్లు అతుకులే అతికాను. ఈ అతుకు వాడొచ్చి నేర్పాలా?"

"చెక్క వేరు, గ్యాస్ వేరండీ."

"మీవాళ్లంటే చెవి కోసుకుంటావు నువ్వు."

అతుకు చుట్టూ లప్పం మెత్తాడు. చెక్కల్లో సందులు పూడ్చే లప్పమే. ఆరాక ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, వెండి రంగు వేశాడు. చూడముచ్చటగా కుదిరింది. ఆ లప్పం వేడికి నెర్రెలిస్తుందని అతనికి తెలియదు. తెలియదని ఒప్పుకునే రకమూ కాదు.

గది వెచ్చబడింది. భార్యకు మాత్రం తలనొప్పి మొదలైంది. చెల్లెలింట్లో రెండు రోజులుంటే పోయింది. తిరిగొస్తే మళ్లీ వచ్చింది.

"అక్కడ బాగానే ఉన్నానండీ."

"ఎందుకుండవు? ఆ తలుపుల సందుల్లోంచి ఊళ్లో గాలంతా వస్తుందిగా!"

వెటకారమాడాడు. నోటిదాకా వచ్చిన నిజం చెవిదాకా పోలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి పడగ్గది లోపల గడియ పెట్టి ఉంది. పిలిచినా పలుకు లేదు. భుజంతో గుద్దాడు. తలుపు కదల్లేదు. తను చేసిన తలుపు, ఎందుకు కదులుతుంది? తన పనితనాన్ని బూతులు తిట్టుకుంటూ ఉలి, సుత్తి పట్టుకుని పగలగొట్టేసరికి చాలాసేపు పట్టింది.

మనిషి బతికింది. హీటరు విషవాయువు గదిలో నిండి మెదడుకు ప్రాణవాయువు అందలేదని, పోయిన జ్ఞాపకం తిరిగి రాకపోవచ్చని డాక్టరు చెప్పాడు.

ఆమెను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు మరిది వచ్చి గోటితో గీకితే లప్పం పెచ్చులుగా రాలింది.

"ఎవరు చేశారన్నయ్యా ఇది?"

"నేనే."

కొత్త గొట్టం, ఒక ఇనుప పట్టీ. పావుగంట పని.

"నన్నెందుకు పిలవలేదు?"

"తలుపులకి నువ్వు నన్ను పిలిచావా?"

"పని నచ్చకపోతే మీ మొహం మీద ఎలా అనను, అన్నయ్యా? అందుకే పిలవలేదు."

ఇంకో రోజైతే ఆ మాటకు చొక్కా పట్టుకునేవాడు. ఆ రోజు తలొంచుకుని డ్రిల్లు తీసుకున్నాడు. కిటికీ చెక్కకు రంధ్రం పెట్టి, అగ్గిపుల్ల వెలిగించి పట్టుకున్నాడు. మంట వణికి ఆరిపోయింది.

కుర్చీలో దుప్పటి కప్పుకున్న భార్య ముడుచుకుంది.

"మేస్త్రీగారూ, చలి కొడుతోందండీ. సరిగ్గా మూయండి. మా ఆయనైతే ఇంత సందు వదిలేవారు కాదు."

వడ్రంగి రెండో రంధ్రం మొదలుపెట్టాడు.