కొత్త బండికి మొదటి చెయ్యి

నిర్మలకు ముక్కు మీదే కోపమని తెనాలిలో బండి ఉన్న కుర్రాళ్లందరికీ తెలుసు. బోసు రోడ్డు పక్క సందులో ఆమె రేడియం స్టిక్కర్ల షాపు. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన మోటార్ సైకిల్ తెచ్చి, ట్యాంకు మీద పులి బొమ్మ వెయ్యమని ఎవడైనా అడిగితే ముందు తిట్టు పడుతుంది, తర్వాతే స్టిక్కర్ పడుతుంది. "ట్యాంకు అట్లపెనంలా కాలిపోతుంటే స్టిక్కరెయ్యమంటావేంట్రా? బుడగలు రాక పూలొస్తాయా? నీడలో పెట్టి టీ తాగి రా, పో!" అంటుంది. వాడు నవ్వుకుంటూ వెళ్లి టీ తాగి వస్తాడు. తిట్టించుకున్నా ఫరవాలేదు, నిర్మలక్క వేసిన స్టిక్కర్ ఏళ్ల తరబడి లేవదని పేరు.

ఆమె పని చూడడానికి ఏమంత ఉండదు. ముందు షాంపూ నీళ్లతో ట్యాంకు కడుగుతుంది. పొడిగుడ్డతో తుడిచి, బొటనవేలితో ఆ చివర నుంచి ఈ చివరకు రాసి చూస్తుంది. ఇసుక రేణువంత తగిలినా మళ్లీ కడుగుతుంది. తర్వాత సబ్బునీళ్లు చల్లి, ఆ తడి మీదే స్టిక్కర్ పరిచి, గుడ్డ చుట్టిన పాత ఏటీఎం కార్డుతో నడిమధ్య నుంచి అంచులకు నీళ్లనూ గాలినీ కలిపి తోసేస్తుంది. అంత చేసినా ఎక్కడన్నా చిన్న బుడగ మిగిలితే సన్నసూదిని ఏటవాలుగా అంచులో గుచ్చి, వేలితో అదిమి, హెయిర్ డ్రయ్యర్ వేడి చూపిస్తుంది. ఇంకొక అలవాటు కూడా ఉంది. ఏ పేరు కోసినా రెండు జతలు కోస్తుంది. ఒకటి పాడైతే ఇంకొకటి చేతిలో ఉండాలి.

ఈ షాపు ఆమె భర్త విజయసారథిది. ఆయన బోర్డులు రాసే ఆర్టిస్టు. చుండూరు నుంచి దుగ్గిరాల దాకా ఎరువుల కొట్ల మీద, కల్యాణ మండపాల మీద ఆయన అక్షరాలే ఉండేవి. ఫ్లెక్సీలు వచ్చి కుంచె పని పోయాక, అప్పు చేసి స్టిక్కర్లు కోసే మిషను కొన్నాడు గానీ కంప్యూటర్ ముందు కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. ఆ పని నిర్మల నేర్చుకుంది. కొన్నాళ్లు ఆమె కోసేది, ఆయన అతికించేవాడు. తర్వాత ఆయన నవ్వుతూ, "నీ చెయ్యే బాగుందే, నువ్వే వెయ్యి," అని కుర్చీలో కూర్చుని కబుర్లు చెప్పేవాడు. ఒక రోజు ఆ కుర్చీలోనే గుండె పట్టుకున్నాడు. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది.

ఆయన పోయాక షాపులో ఒక్కటే మారింది. కొత్త బండ్లు ఆమె చేతికి రావడం మానేశాయి.

ఎవరూ మొహం మీద అనరు. షోరూము నుంచి అప్పుడే తెచ్చిన బండితో కొడుకు, కొడుకు వెనక వాళ్లమ్మ వస్తారు. వాళ్లమ్మ నిర్మల మెడ వైపు ఒకసారి, గోడ మీద దండ వేసిన ఫొటో వైపు ఒకసారి చూస్తుంది. "ఏమ్మా, షాపులో మగాళ్లెవరూ లేరా?" అంటుంది. లేకేం, నెంబరు ప్లేట్లు బిగించే ఏసుపాదం ఉన్నాడు. మంచివాడే, కాకపోతే స్టిక్కర్ వెయ్యడానికి అతనికి ఓపిక లేదు. అతను వేస్తే ట్యాంకంతా బుడగలే. నాలుగు రోజులు పోయాక అదే కుర్రాడు వాళ్లమ్మ లేకుండా వచ్చి, "అక్కా, కాస్త ఈ బుడగలు తీసి పెట్టవా," అని నసుగుతాడు.

కొత్త బండికి పనికిరాని చెయ్యి బుడగల బండికి మాత్రం ఎలా పనికొచ్చిందిరా అని నిర్మలకు నోటిదాకా వచ్చేది. ఒళ్లు మండిపోయేది. కానీ కొడుకు గౌతమ్ చదువు పూర్తి కావాలి. షాపు నడవాలి. కోపమంతా సూదిమొన మీద పెట్టి బుడగలు గుచ్చేది. బొట్టు కూడా తీసెయ్యమని అత్తగారు రాజరాజేశ్వరి చెప్పి చూసింది. ఆ ఒక్క మాట మాత్రం నిర్మల వినలేదు.

గౌతమ్ చదువు అయింది. బాపట్లలో ఒక విత్తనాల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మొన్న వాడు నల్ల మోటార్ సైకిల్ కొనుక్కుంటున్నానని చెప్పినప్పుడు నిర్మల పైకి, "హెల్మెట్ కూడా కొనుక్కో," అని కసిరింది గానీ, లోపల కాళ్లు నేల మీద నిలవలేదు. షాపు మీద భర్త తన చేత్తో రాసుకున్న పాత బోర్డు ఇంకా ఉంది. నిచ్చెన వేసుకుని ఎక్కి, బోర్డులోని 'సారథి' అన్న అక్షరాలను ఫోను‌లో ఫొటో తీసింది. ఆ వంపులు, ఆ దీర్ఘాలు ఉన్నవున్నట్టుగా కంప్యూటర్లో దిద్ది, తెల్ల రేడియంలో కోసింది. ఆయన రాత కొడుకు బండి మీద ఉండాలి. దాన్ని తనే అతికించాలి. ఊళ్లో వాళ్ల కొత్త బండ్లు ఎవరి చేతికైనా పోనీ, ఈ ఒక్కటి తనది. ఇన్నేళ్లలో ఆమె తన కోసం కోరుకున్నది అదొక్కటే.

బండికి పూజ రేపల్లెలో పెట్టుకున్నారు. అత్తగారు, మరిది శ్రీనివాస్ కుటుంబం ఉండేది అక్కడే. "ఆ అక్షరాలు ఇవ్వమ్మా, నానమ్మకి చూపిస్తాను," అని గౌతమ్ అడిగితే మురిసిపోయి ఇచ్చింది. పూజ పొద్దున్నే అయిపోతుందని, ఆమె శ్రమపడి రానక్కర్లేదని, బండి నేరుగా తెనాలి తెస్తామని మరిది ఫోను చేశాడు. సరేనంది. ట్యాంకు తుడవడానికి ఉతికిన కొత్త గుడ్డ తీసి పెట్టుకుంది.

బండి వచ్చింది. ముందు గౌతమ్, వెనక శ్రీనివాస్. హ్యాండిలుకు బంతిపూల దండ. ట్యాంకు మీద 'సారథి' అని అప్పటికే అతికించి ఉంది.

నిర్మల షాపు మెట్ల మీదే నిలబడిపోయింది. తర్వాత దిగి వచ్చి, అలవాటు కొద్దీ అక్షరాల మీద బొటనవేలు రాసింది. మూడు పెద్ద బుడగలు. 'సా' మీద ఒకటి, 'ర' మీద ఒకటి, 'థి' మీద ఒకటి. ఎవరో కొలిచి పెట్టినట్టు వరసగా ఉన్నాయి.

"ఎవరేశారు?" అంది.

"రేపల్లెలోనే వేయించాం వదినా," అన్నాడు శ్రీనివాస్. "పూజవగానే టైము బాగుందని అమ్మ అంది. బస్టాండు దగ్గర షాపతన్ని ఇంటికే పిలిపించాం."

"సబ్బునీళ్లు చల్లాడా?"

"లేదు, పొడిగానే వేసేశాడు."

"బొట్లు తుడవలేదా?"

"కొత్త బండికి పెట్టిన బొట్టు ఎవరన్నా తుడుస్తారా వదినా? అతను తుడవబోతే అమ్మ వద్దంది. వాటి మీదే వేసెయ్యమంది."

అప్పుడు అర్థమైంది. ఆ బుడగలు మూడూ మూడు బొట్లు. తోడికోడలు ట్యాంకు మీద ముద్దగా పెట్టిన పసుపు, దాని మీద కుంకుమ అలాగే ఉండగా, వాటి నెత్తిన స్టిక్కర్ పరిచారు. పసుపు మీద జిగురు ఎక్కడ పట్టి చస్తుంది? సూదితో గాలి తీసినా రేపు ఎండకు మళ్లీ లేస్తుంది. ఇంత పనిమంతురాలు ఇంట్లో ఉండగా, ఆమె మొగుడి అక్షరాలను పసుపుముద్ద మీద అతికించి తీసుకొచ్చారు. నిర్మలకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నాకు తెలుసులే వదినా, నీకిదో పెద్ద పని కాదు," అన్నాడు శ్రీనివాస్ నవ్వుతూ. "సూదితో రెండు పోట్లు పొడిస్తే పోతాయిగా."

"నేనెందుకు వెయ్యకూడదో చెప్పు ముందు."

శ్రీనివాస్ నవ్వు ఆగిపోయింది. "అబ్బే, వెయ్యకూడదని కాదు వదినా. మొదటి చెయ్యి కదా అని... అమ్మ పాతకాలం మనిషి. నాన్న పోయాక ఆమె మాత్రం ఏ పూజ దగ్గరికైనా వచ్చిందా? ఇవాళా గుమ్మం లోపలే నిలబడింది."

"ఆమె గుమ్మం లోపల నిలబడితే ఆమె ఇష్టం. నన్ను నిలబెట్టడానికి ఆమెవరు? రావద్దని ఫోను చెయ్యడానికి నువ్వెవరు?" నిర్మల గొంతు సందు చివరి దాకా వినిపించింది. ఎదురుగా టైర్ల కొట్లో వాళ్లు తలలు బయట పెట్టారు. ఆమె కొడుకు వైపు తిరిగింది. "వాళ్ల సంగతి సరే. నువ్వేమన్నావురా అప్పుడు?"

గౌతమ్ నీళ్లు నమిలాడు. "నానమ్మ బాధపడుద్దని..."

"నేను బాధపడనా?"

వాడు హ్యాండిలుకున్న బంతిపూల రేకులు గిల్లాడు.

"నీకు మొదటి ముద్ద పెట్టిన చెయ్యేదిరా? పలక మీద నీ చెయ్యి పట్టుకుని దిద్దించిన చెయ్యేది? మీ నాన్న కళ్లు మూసింది కూడా ఈ చెయ్యే. ఆ రోజు ఆస్పత్రిలో ఇంకెవరైనా వచ్చి మూస్తారా అని ఎవరూ అడగలేదే! నిన్ను చదివించడానికి పనికొచ్చింది, ఊళ్లో వాళ్ల బుడగలు తియ్యడానికి పనికొచ్చింది. నీ బండి దగ్గరికొచ్చేసరికి పనికిరాకుండా పోయిందా?"

నిర్మల లోపలికి వెళ్లి సూదుల డబ్బా తెచ్చింది. అమ్మయ్య, వదిన చల్లబడిందని శ్రీనివాస్ ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె ఒక సూది తీసి, 'సా' మీది బుడగ దగ్గర పెట్టింది. ఆయన చేతిరాత అంచున పసుపు మరక కనిపిస్తోంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు వచ్చినందుకు కోపం ఇంకా పెరిగింది. సూది తీసి మళ్లీ డబ్బాలో పడేసి మూత పెట్టింది.

"నేను తియ్యను. తీసుకెళ్లండి."

"వదినా, నలుగురూ చూస్తున్నారు..."

"చూడనీ."

వాళ్లు వెళ్లాక ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. ఎర్ర రేడియం రోలు మిషనుకు ఎక్కించింది. కోసిన అక్షరాలను షాపు అద్దం మీద తనే అతికించింది. 'కొత్త బండ్లకు స్టిక్కర్లు నిర్మల వేయును. బుడగలు తీయబడవు.' అద్దం మీద ఒక్క బుడగ లేదు. ఏసుపాదం ఒకటికి రెండుసార్లు చదివి బుర్ర గోక్కున్నాడు. "అక్కా, గిరాకీ పోద్దేమో."

"పోనీ. ఇంక నువ్వు ట్యాంకుల జోలికెళ్లావంటే చేతులిరగ్గొడతా."

"నాకూ అదే కావాలక్కా," అన్నాడు అతను, నిజంగానే సంతోషపడుతూ.

ఆ వారంలో ఒక తల్లి అద్దం మీద రాసింది చదివి, కొడుకు భుజం తట్టి బండి తిప్పించుకుపోయింది. నిర్మల పిలవలేదు. ఇంకొక ఆవిడ చదివి, "అయితే నువ్వే వెయ్యమ్మా, ఎండెక్కుతోంది," అని నీడలో కూర్చుంది. ఆవిడ మాటకు తిట్టడానికి ఏమీ దొరక్క నిర్మల కాసేపు తికమకపడింది. బుడగలు తియ్యమని వచ్చిన వాళ్లను మాత్రం అద్దం వైపు వేలు చూపించి పంపేసింది. బాపట్ల నుంచి ఫోను రాలేదు. చెయ్యకపోతే పోయాడు అనుకునేది. అనుకుంటూనే ఫోను ఒళ్లోనే పెట్టుకుని కూర్చునేది. అలా కూర్చున్నందుకు తన మీద తనకే చిర్రెత్తుకొచ్చేది.

ఆదివారం షాపు కిటకిటలాడుతోంది. గౌతమ్ వచ్చాడు. బండిని పక్కన ఎక్కడో పెట్టకుండా సరిగ్గా మెట్ల ముందు, అందరి మధ్యలో నిలబెట్టాడు. ట్యాంకు బోడిగా ఉంది. వాడి గోళ్లన్నీ జిగురుతో నల్లబడి, ఒక గోరు చీలి ఉంది.

"నేనే పీకేశానమ్మా," అన్నాడు.

ఆమె చేతిలో పని చేతిలోనే ఉంది.

"అమ్మా, కొత్త బండి. స్టిక్కర్ వెయ్యాలి. నువ్వే వెయ్యాలి." ఈసారి గట్టిగా అన్నాడు. అక్కడున్న తల్లులందరూ వాడి వైపు తిరిగారు.

"మీ నానమ్మకి తెలుసా?"

"చెప్పే వచ్చాను."

"ఏమంది?"

"తిట్టింది."

"తిట్టనీ," అంది నిర్మల. చెయ్యి తుడుచుకుని మెట్లు దిగింది. ట్యాంకు మీద బొటనవేలు ఆ చివర నుంచి ఈ చివరకు రాసింది. పెట్రోలు మూత అంచున కాస్త ఆగింది. "ఇక్కడ జిగురుంది. పసుపు కూడా పూర్తిగా పోలేదు. పెట్రోలు గుడ్డ అక్కడుంది, తుడువు."

గౌతమ్ వంగి తుడిచాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. "అక్షరాలు పాడైపోయాయమ్మా," అన్నాడు తలెత్తకుండానే. "నాన్న రాసినవి. పీకుతుంటే ముద్దయిపోయాయి."

బీరువాలో రెండో జత ఉందన్న సంగతి నిర్మల చెప్పలేదు. వంగి, ఇంకొకసారి ట్యాంకు మీద వేలు రాసి చూసింది.

"ఇంకా ఉంది. మళ్లీ తుడువు," అంది.