మావయ్యగారి పేరు పేపర్లో

ఉప్పలగుప్తం మండలంలో వెంకటదుర్గ గారిని పేపరు దుర్గ గారంటారు. ఓ దినపత్రికకి ఆవిడ మండల విలేకరి. జీతమంటూ లేదు. రాసిన వార్తలకి ఏదో ఇస్తారు, పండగలకి యాడ్లు తెస్తే ఇంకొంచెం. ఇల్లు గడిచేది కుట్టుమిషను మీదే. జాకెట్టు కుడుతూనే ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "చెట్టు పడడం మీరు చూసేరాండీ, ఎవరైనా చెప్పేరా?" అని అడుగుతుంటారు. చెప్పేరంటే, ఆ చెప్పినాయన నంబరిమ్మంటారు.

ఈ పనిలో ఓ అలవాటుందని ఆవిడే నవ్వుతూ చెప్పేరు నాకు. తప్పు చేసినవాడు అవతలి పార్టీవాడైతే పేరు, ఇంటిపేరు, వీలైతే ఫొటో. మనవాడైతే 'కొందరు రైతులు'. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. కాఫీ హోటల్లో పేపరు తిరగేస్తూ, "కొందరన్నాడంటే వీళ్ల మనిషేరా" అని ఇట్టే పట్టేస్తారు.

"అన్ని పేపర్లూ అంతేనండీ. 'మన' ఎవరన్నదే తేడా," అంటారావిడ.

మొన్న తొలకరికి సార్వా వరి నారుమళ్లు పోసే రోజుల్లో ఆ చిక్కు ఆవిడ గుమ్మంలోకే వచ్చింది.

వీరమ్మ అని ఓ కౌలురైతు పొద్దున్నే వచ్చి, పిడికెడు నారు మిషను బల్ల మీద పెట్టింది. ఎర్రగా మాడిపోయి ఉంది. ఎగువన రొయ్యల చెరువు ఖాళీ చేసి, ఆ ఉప్పునీళ్లు మురుగుకాలవలోకి పంపకుండా పంటకాలవలోకి వదిలేరు. ఆ నీళ్లే వీరమ్మ నారుమడికి పెట్టుకుంది. చెరువు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారిది. ఆయన దుర్గ గారికి స్వయానా మేనమామ. తండ్రి పోయాక చదివించిందీ, పెళ్లి చేసిందీ ఆయనే.

"ఇరిగేషనాఫీసుకెళ్తే, ఎవరు వదిలేరో తేలాలన్నారమ్మా. తెలిసినోళ్లెవరూ నోరిప్పట్లేదు. కాలవ కడిగి మంచినీళ్లు వదిలితే గానీ మళ్లీ నారు పొయ్యలేను. ఈ వారం దాటితే నాకీ సార్వా లేనట్టే," అంది వీరమ్మ. మాడిన నారు దుర్గ గారి వైపు జరిపి, "మీ మావయ్యగారి పేరు రాస్తారా, కొందరంటారా?" అనడిగింది.

"ముందాయన్ని అడగాలండీ."

"అడిగితే రాసుకోమంటారా ఏటి?"

"అనరు. అయినా అడగాలి."

దుర్గ గారు ముందు కాలవగట్టుకి వెళ్లి, నీళ్లు వదిలిన పైపు చూసి, ఫొటో తీసుకుని, అప్పుడు మావయ్యగారింటికి వెళ్లేరు. అత్తయ్య అన్నపూర్ణ గారు కాఫీ తెచ్చేరు.

"మేనకోడలిగా వచ్చేవా, విలేకరిగా వచ్చేవా?" అన్నారు మావయ్యగారు, మొహం చూసే పసిగట్టి.

"ఆ ఇద్దరికీ ఒకటే గ్లాసు తెచ్చేనే," అన్నారు అత్తయ్యగారు, కాఫీ దుర్గ గారి చేతికిస్తూ. ఎవరూ నవ్వలేదు.

"పంటకాలవలోకి నీళ్లు వదిలింది మీరేనాండీ?"

"వదలక ఏం చెయ్యమంటావ్? మురుగుకాలవ నిండా గుర్రపుడెక్క. ఏళ్ల తరబడి తీసినవాడు లేడు. నీళ్లు ఎదురు తన్నుతుంటే చెరువు ఎలా ఎండగట్టను?"

"అదీ రాస్తానండీ."

"అది రాయి. నా పేరు వద్దు."

"పోయినేడు అవతలి పార్టీ అబ్బులు గారు ఇలాగే చెరువు నీళ్లు వదిలితే పేరు పెట్టే రాసేనండీ. బాగా రాసేవని మీరే ఫోను చేసేరు."

మావయ్యగారు గ్లాసు కింద పెట్టేసేరు. "పెంచినందుకు ఇదా నువ్వు చేసేది," అని లోపలికి వెళ్లిపోయేరు.

వార్త పంపిన సాయంత్రం అమలాపురం డెస్కు నుంచి ఫోను. "మేడమ్, ఈయన మనవాడు కదండీ. యాడ్లు కూడా ఇస్తారు. కొందరు ఆక్వా రైతులని మార్చేస్తాను."

"పేరు తీసేస్తే ఆయన చెప్పిన మాటా పోతుందండీ. అబ్బులు గారప్పుడు మీరు అడగలేదే? ఈయన మా మేనమామ. దాచమనాల్సి వస్తే ముందు నేనే అనాలి."

"ఆయ్, సరేనండీ," అన్నాడాయన.

ఇది చెబుతూ దుర్గ గారు మిషను ఆపేసేరు. "ధైర్యమనుకునేరు. ఆ పూట అన్నం సయించలేదు నాకు," అన్నారు.

వార్త చిన్నదే. వీరమ్మ మాట, మావయ్యగారి పేరు, ఆయన మాట, మురుగుకాలవ సంగతి. మర్నాడు అవతలి పేపరు మాత్రం ఆయన్ని 'నేత' అనీ, జరిగింది 'దౌర్జన్యం' అనీ పెద్దక్షరాల్లో వేసింది. పాపం, ఆయన వార్డుమెంబరుగా కూడా ఎప్పుడూ నిలబడలేదు.

ఎవరు వదిలేరో తేలిపోయింది గనక ఆఫీసువాళ్లు కదిలేరు. కాలవ కడిగించి మంచినీళ్లు వదిలేరు. వీరమ్మ తక్కువ రోజుల వంగడం తెచ్చి మళ్లీ నారు పోసింది. మావయ్యగారింట్లో మాత్రం దుర్గ గారి పేరెత్తితే ఆయన కంచం ముందు నుంచి లేచిపోయేవారట. పంద్రాగస్టు యాడ్ కూడా ఇవ్వలేదు.

ఆ తర్వాత ఓ రోజు ఆయన దగ్గర్నుంచే ఫోను. పలకరింపేం లేదు. "డ్రైను తియ్యడానికి మిషనొచ్చింది. సగం తీసి పోతారేమో. వచ్చి చూసుకో."

వెళ్లేసరికి ఆయన గట్టు మీద గొడుగేసుకుని నిలబడి ఉన్నారు. మిషను గుర్రపుడెక్క ఎత్తి గట్టున పోస్తోంది. ఆయన అటే చూస్తూ, "అవతలి పేపరోళ్లు నన్ను నేతని చేసేరు. ఒక్కడైనా ఫోను చేసి అడిగేడా?" అన్నారు.

"నేను రాసిందాంట్లో మీ మాటేమైనా మార్చేనాండీ?"

"మార్చలేదు," అన్నారు. "కోపం పోయిందనుకోకు."

"అనుకోనండీ."

"మీ అత్తయ్య వంట చేస్తోంది. ముందు ఆ మలుపు దాకా వెళ్లి చూసిరా. అక్కడ డెక్క తియ్యకుండా వదిలేసి వచ్చేరని నా అనుమానం. నేను చెప్పేనని రాసెయ్యకు, నువ్వు చూసే రాయి."

దుర్గ గారు చెప్పులు చేత్తో పట్టుకుని, బురదగట్టు మీద మలుపు వైపు నడిచేరు.