పెరుగు రాని విస్తరి

పాత ఉద్యోగులం నలుగురం కలిస్తే మూతబడిన హోటళ్ళ గురించే మాట్లాడుకుంటాం. ఒక్కొక్కరికీ ఒక్కో రుచి గుర్తు. నాకు మాత్రం ముందు అక్కడ జరిగిన అవమానం గుర్తొస్తుంది, రుచి దాని వెనక వస్తుంది. బెంగళూరు వచ్చిన కొత్తలో, తొంభై ఆరులో అనుకుంటాను, మార్కెట్ దగ్గర ఒక హోటల్లో బై-టూ కాఫీ అడిగితే ఆదివారం కుదరదన్నాడు క్యాషియరు. ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పోసివ్వడం ఈ ఊళ్ళో ప్రతి హోటలూ చేసేదే. అదిప్పుడు చెప్పుల షాపు. దాని ముందునుంచి పోయినప్పుడల్లా నాకు కోపమే వస్తుంది తప్ప బెంగ రాదు. ఇంకొకచోట నేను చెప్పిన దోసె తీసుకెళ్ళి నా తర్వాత వచ్చినవాడి ముందు పెట్టారు. అదీ పోయింది. పోతే పోయిందనుకున్నాను.

కుందలహళ్ళి మెస్సు సంగతి వేరు. అక్కడ అవమానపడింది నేనే, దాన్ని మూయించిందీ నేనే.

రెండువేల మూడు ప్రాంతంలో మా కంపెనీ అటువైపు మారింది. నేను స్టోర్సు విభాగంలో పనిచేసేవాణ్ణి. దేనిమీదైనా ఫిర్యాదు రాసి పెడతాడని ఆఫీసులో నాకు పేరు. ఆఫీసు వెనక సందులో, ఒక ఇంటి ముందుగదిలో ఆ మెస్సు ఉండేది. ఆరు బల్లలు. భార్య వండేది, భర్త వడ్డించేవాడు. తరాలుగా బెంగళూరులో ఉండి, మాటలో కన్నడం కలిసిన తెలుగువాళ్ళు. అరిటాకు మీద ముందు పొడి, నెయ్యి, తర్వాత పప్పు, చారు, చివర పెరుగు. మధ్యాహ్నం కుర్చీ దొరకాలంటే తింటున్నవాడి వెనక నిలబడాలి. మనం ముద్ద కలుపుతుంటే వెనకవాడి ఊపిరి మెడకు తగులుతుంది. పెరుగు పడిందంటే ఇక లేవాల్సిందే. అందరూ ఒప్పుకున్న పద్ధతి అది.

ఒకరోజు నా విస్తరిలో చారన్నం అయిపోయింది. పెరుగు కోసం చూస్తున్నాను. మెస్సాయన వచ్చి, "పెరుగు అయిపోయింది సార్. స్వల్ప లేస్తారా? వెనకాల ఆయప్ప శానాసేపుగా నిలబడుండాడు" అన్నాడు.

లేచాను. పెరట్లో కొళాయి దగ్గర చెయ్యి కడుక్కుంటూ వెనక్కి తిరిగి చూశాను. నా కుర్చీలో కూర్చున్నవాడి విస్తరి పక్కన గిన్నెడు పెరుగు పెడుతున్నాడు.

మా విభాగంవాడొకడు పక్క బల్ల మీదనుంచి అది చూసి, "సార్, పెరుగు మీద కూడా పిటిషన్ పెట్టండి" అన్నాడు. గదంతా నవ్వింది.

పెట్టాను. పెరుగు మీద కాదు. ఆ ఇంట్లో గిన్నెలు కడిగిన నీళ్ళు సందులోకి పారేవి. ఎంగిలి విస్తళ్ళు మూతగల డ్రమ్ము ఏదీ లేక గోడ పక్కన కుప్పగా పడి ఉండేవి. ఈ రెండూ అంశాలవారీగా రాసి, కింద సంతకం చేసి, నగరసభ, అంటే అక్కడి మునిసిపాలిటీ, ఆఫీసులో ఇచ్చాను. అందులో ఒక్క అబద్ధం లేదు. దొంగచాటు ఉత్తరాలు రాసే అలవాటు నాకెప్పుడూ లేదు. ఆ మాట ఆ రోజుల్లో గర్వంగా చెప్పుకునేవాణ్ణి.

మూడు వారాలు ఆ గడప తొక్కలేదు. ఆ తర్వాత మళ్ళీ అక్కడికే వెళ్ళాను. ఆ పప్పు ఇంకెక్కడా దొరకలేదు. అర్జీ సంగతి దాదాపు మరిచిపోయాను.

ఒక మధ్యాహ్నం జనం పలచబడ్డాక మెస్సాయన నా ఎదురుగా కూర్చున్నాడు. "సార్, మీరు ఇంగ్లీషులో గట్టిగా రాస్తారంట గదా. నీళ్ళ ట్యాంకరోని మీద మీరు రాసిన కాగితానికి వాడు రెండు దినాల్లో దారికొచ్చినాడంట, ఇంటి ఓనరు చెప్పినాడు. నాకొకటి రాసియ్యండి."

"దేనికి?"

"నోటీసు అంటించి పోయినారు. ఎవరో అర్జీ పెట్టినారంట."

వంటింట్లోంచి ఆయన భార్య గొంతు. "ఎవరో ఏముండాది, ఈడ తిన్నోళ్ళే పెట్టింటారు. తిననోనికి మన మోరి నీళ్ళ సంగతి ఎట్ల తెలుస్తాది?"

"ఊరుకో మే. తిన్నోడు అట్ల చేస్తాడా?" అని, నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఆ పొద్దు మిమ్మల్ని పెరుగు లేకుండా లేపేస్తిని సార్. పక్కింట్లో అడిగి మీ కోసరమే ఒక గిన్నె తెప్పిస్తిని. అది వచ్చేతలికి మీరు చెయ్యి కడిగేసినారు. అడిగి తెచ్చింది వాపసు పంపలేక ఆయప్పకు పెడితిని. ఇంకెవరైనా అయితే మళ్ళీ వచ్చేవోళ్ళా? మీది దొడ్డ మనసు సార్."

నేను నోటీసు తీసుకుని ఆఫీసుకు వెళ్ళిపోయాను.

జవాబు ఆ సాయంత్రమే టైపు చేశాను. ఆ అర్జీకి నాకంటే బాగా జవాబు రాయగలిగినవాడు ఉండడు. నేనెక్కడ గట్టిగా పట్టానో, ఎక్కడ సాగదీశానో నాకే తెలుసు. నీళ్ళకు ఇంకుడు గుంత తవ్విస్తానని, విస్తళ్ళకు మూతగల డ్రమ్ము పెడతానని రాశాను. గడువు అడిగాను. బాగానే వచ్చింది. మర్నాడు మెస్సాయనకు ఇచ్చాను.

కానీ దానికంటే బాగా పనిచేసే కాగితం ఇంకొకటుంది. సమస్య తీరిపోయింది, నా అర్జీ వెనక్కి తీసుకుంటున్నాను అని నా సంతకంతో రెండు వాక్యాలు. అది కూడా టైపు చేశాను. ప్రింటు తీశాను. సంతకం పెట్టాను. డ్రాయర్లో పెట్టి తాళం వేశాను. అది ఇస్తే అర్జీ పెట్టింది నేనేనని నగరసభనుంచి బయటికి పొక్కుతుంది. ఆ మెస్సు గదిలో మళ్ళీ ఎలా కూర్చుంటాను? రేపు ఇద్దాంలే అనుకున్నాను. నా జీవితంలో ఏ ఫిర్యాదుకూ రేపు అనలేదు.

నోటీసు చూసి ఇంటి ఓనరుకు భయం పట్టుకుంది. గుంత తవ్వనివ్వలేదు. నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు.

చివరి శనివారం వెళ్ళాను. మా ఆఫీసుకు సెలవు. అందరికంటే ముందు నేనే. మెస్సాయన ఆకు వేసి నీళ్ళు చల్లాడు. పొడి, నెయ్యి, పప్పు, చారు, అన్నీ వరసగా వచ్చాయి. నా కుర్చీ వెనక ఎవరూ లేరు.

పెరుగు గిన్నె పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "నిన్న నగరసభకు పోయింటిని సార్. డ్రమ్ము తెచ్చిపెట్టినాను, ఇంక స్వల్ప దినాలు ఇప్పించండని అడుక్కుందామని. ఆ క్లర్కు ఫైలు తెరిచి నా ముందర పెట్టినాడు."

నేను విస్తరిలో అన్నం దగ్గరికి లాక్కున్నాను.

"పేరు చూస్తిని" అన్నాడు.

"వెనక్కి తీసుకుంటున్నానని కాగితం రాశాను" అన్నాను.

"యాడుండాది సార్?"

"ఆఫీసులో. డ్రాయర్లో."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఆయన గరిటెతో పెరుగు కలిపాడు. "ఓనరు నిన్ననే వేరేవాళ్ళకు మాటిచ్చేసినాడు. మేము దేవనహళ్ళి పక్క పోతా ఉండాము, మా వదినోళ్ళ ఊరు." వంగి నా అన్నం మీద పెరుగు వేశాడు. చాలన్నట్టు చెయ్యి అడ్డం పెడితే, చెయ్యి తియ్యమని సైగ చేసి ఇంకో గరిటె వేశాడు. "ఈ పొద్దు శానా ఉండాది. నిదానంగా తినండి. ఎవరూ నిలబడలేదు."

తిన్నాను. ఎంతసేపు తిన్నానో తెలియదు. క్షమించమని అడగడానికి మాట వెతుక్కున్నాను. ఇన్నేళ్ళూ ఎదుటివాళ్ళ చేత అనిపించాలని నేను పట్టుబట్టిన మాటే అది. నా నోటికి రాలేదు. ఆయన అడగలేదు.

విస్తరి ఎత్తి బయటికి తెచ్చాను. గోడ పక్కన కుప్ప లేదు. కడిగిన నేల మీద కొత్త నీలం డ్రమ్ము ఉంది. మూత ఎత్తాను. లోపల ఇంకా ఒక్క ఆకూ పడలేదు. నాది వేసి, మూత సరిగ్గా పెట్టాను. విస్తళ్ళకు మూతగల డ్రమ్ము ఉండాలన్నది నా అర్జీలో రెండో అంశం.